పద్నాలుగు కాని సైగ

పోయినవారం ఆమెను మనం కుట్టు మిషన్లు బాగుచేసే కొట్టు ముందు మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు రోడ్డు మీద. లోపలికి వెళ్ళాలో, దిగిన బస్టాపుకే మళ్ళీ నడవాలో తేల్చుకోలేక సంచిని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంటోంది.

ఆ సంచిలో ల్యాప్‌టాప్ కాకుండా ఒక ఉత్తరం ఉంది. సంతకం పెట్టింది గానీ కవరు ఇంకా అంటించలేదు. ఇరవై నాలుగేళ్ళ కిందటి ఒక విచారణ నివేదికలోంచి ఒకే ఒక్క వాక్యాన్ని కొట్టేయమని అడిగే ఉత్తరం అది. ‘చేయి పూర్తిగా బయటికి తీయకముందే యంత్రం నడపమని సైగ చేసినందున, ఈ ప్రమాదానికి మృతుని అజాగ్రత్తయే కారణము’ అన్నది ఆ వాక్యం. మృతుడు ఆమె తండ్రి. ఆ సైగ కళ్ళారా చూశానని చెప్పిన ఒకే ఒక సాక్షి ఆ తండ్రికి స్వయానా అన్న. అప్పటికే తల్లి లేని ఆ పిల్లని, ఐదేళ్ళ వయసు నుంచి, ఏ లోటూ రానివ్వకుండా పెంచి చదివించిన పెదనాన్న ఆయనే. ఈ కొట్టూ ఆయనదే.

ఉత్తరం పోస్టులో పడితే తండ్రి మీద మచ్చ పోతుంది, పెదనాన్న దొంగసాక్షి అవుతాడు. మెట్టు మీద కాలు ఆగిపోయిందంటే ఆగదూ మరి?

కొత్తగా ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్ళ కోసం ఇంకో నాలుగు ముక్కలు. నూలు మిల్లులో, దూది ఏకే యంత్రాల హాల్లో, పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. అందుకని అక్కడి పనివాళ్ళు తరతరాలుగా చేతులతో మాట్లాడుకున్నారు. బడిలో నేర్పే సైగల భాష వేరు, ఇది వేరు. ఆ హాలు గోడలు దాటితే ఇది ఎవరికీ తెలియదు. మిల్లు మూతపడింది, పనివాళ్ళు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. మిగిలినవి కొన్ని టేపులు. ఎవరు పని ఎగ్గొడుతున్నారో పట్టుకుందామని యాజమాన్యం గోడకి ఒక కెమెరా బిగించి, అరవై ఒక్క రోజులు తీసి, విసుగొచ్చి మానేసింది. బొమ్మ తప్ప శబ్దం లేని టేపులు. వాటిలో ముప్ఫై ఎనిమిదో రోజుది ఆమె తండ్రి ఆఖరి రోజు.

ఆ టేపులు ఆమె పనిచేసే ల్యాబుకి చేరాయి. అక్కడ వాళ్ళు తయారుచేసుకున్న ప్రోగ్రాముకి ‘చంటిది’ అని ముద్దుపేరు. ఏ సైగకి ఏమిటర్థమో దానికి ఎవరూ చెప్పలేదు, చెప్పడానికి వాళ్ళకి తెలిస్తే కదా. ఊరికే టేపులు దాని ముందు పడేశారు. చంటిది చేసింది ఒకటే పని. ఇప్పటిదాకా చూసినదాన్ని బట్టి ఆ చెయ్యి తర్వాత ఎటు కదులుతుందో ఊహించడం, తప్పయితే దిద్దుకోవడం, మళ్ళీ ఊహించడం. లక్షల సార్లు. సైగ మధ్యలో ఉన్నంతసేపూ ఊహ సులువు, సగం లేచిన పిడికిలి మిగతా సగం కూడా లేస్తుంది. సైగ పూర్తవగానే ఊహ తడబడుతుంది, తర్వాత ఏదైనా రావచ్చు కనక. ఎక్కడ తడబడిందో అక్కడల్లా గీత గీసుకుంటూ పోయింది చంటిది. కలగాపులగంగా ఉన్న కదలికలు అలా అరవై ఎనిమిది సైగలుగా విడిపోయాయి. ఏది దేని పక్కన వస్తోందో, ఏది దేని చోట్లో కూర్చోగలదో చూసి వాటిని గుంపులు కట్టింది. ఒక గుంపు ఎప్పుడూ ముందే వస్తుంది, అది వచ్చాక ఎవరో ఒకరు తల తిప్పుతారు. అవి పేర్లని ల్యాబు సారుకి అరగంటలో తట్టింది. చంటిదానికి పేరంటే ఏమిటో ఇప్పటికీ తెలియదు.

పిడికిలి భుజం దాకా ఎత్తి రెండుసార్లు తెరిచి మూయడం పద్నాలుగో నంబరు. అది వచ్చిన ప్రతిసారీ, రెండు వేల చిల్లర సార్లు, దాని వెనకే ఒక యంత్రం కదిలింది. నడపమని చెప్పే సైగ అదేనని వేరే చెప్పక్కర్లేదు.

ముప్ఫై ఎనిమిదో రోజు తండ్రి ఎత్తిన చెయ్యి కూడా పద్నాలుగేనంది చంటిది. నూటికి తొంభై ఏడు పాళ్ళు ఖాయమంది. ఆ పూట ఆమెకి అన్నం సయించలేదు. తర్వాత ఏం తోచిందో, ముందూ వెనకా ఉన్నదంతా కత్తిరించి, ఆ రెండు సెకన్ల చెయ్యి మాత్రమే దానికి చూపించింది. ఈసారి చంటిది మాట మార్చింది. పద్నాలుగు కాదు. అరవై ఎనిమిదిలో ఏదీ కాదు. కత్తిరించక ముందు అది చెయ్యి సరిగ్గా చూడనే లేదని అప్పుడర్థమైంది ఆమెకి. ఆ చోట, ఆ మనిషి, ఆ వేళకి చెయ్యెత్తితే ఎప్పుడూ పద్నాలుగే కాబట్టి ఇదీ పద్నాలుగేనని రాసిపడేసింది.

ఇక కథలోకి వద్దాం. ఎండ మాడ్చేస్తోంది, ఆమె మెట్టెక్కింది.

కొట్టు లోపల మిషను నూనె వాసన. చిన్నప్పటి నుంచీ ఆ వాసన తగిలితే చాలు, ఎందుకో ఆమెకి కళ్ళు మూసుకోవాలనిపిస్తుంది. భయం కాదు, నిద్రా కాదు, ఉత్తినే రెప్పలు వాలతాయి. పెదనాన్న బల్ల మీద ఒక పాత మిషన్ని పక్కకి పడుకోబెట్టి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, షటిల్లో చిక్కుకున్న దారపు ముక్కల్ని పట్టకారుతో లాగుతున్నాడు. లోపలి గదిలోంచి ఇంకో మిషను టకటకమంటోంది. బాగుచేసిన ప్రతి మిషను మీదా పెద్దమ్మ గజం గుడ్డ కుట్టి చూడాలి, ఆవిడ ఊఁ అన్నాకే అది గిరాకీ చేతికి వెళ్ళాలి. ఆ ఇంట్లో అది ఇరవై ఏళ్ళ రివాజు.

“ఇంత ఎండన పడి వచ్చావేంటి అమ్మడూ? ఫోను చేస్తే సాయంత్రం నేనే వచ్చేవాణ్ణిగా” అన్నాడు పెదనాన్న, కాస్త గట్టిగానే. మిల్లు ఆయన వినికిడి చాలావరకు తినేసింది. ఎదుటివాళ్ళ పెదాలు చూస్తూ మాట్లాడతాడు.

“పనుండి వచ్చాను.”

“తిన్నావా?”

“తిన్నాను” అంది. తినలేదు.

ఆయన నమ్మలేదు గానీ పోనీలెమ్మన్నట్టు స్టూలు జరిపాడు. ఆమె సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి, బల్ల మీద స్క్రూలు పక్కకి నెట్టి పెట్టింది. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, వేలు వేలు విడిగా, పేషెంటుని చూడబోయే డాక్టరులా.

“ఇదేనా నీ చంటిది? పాలు పట్టాలా?”

“మిల్లు టేపులే పెదనాన్నా. చూడు.”

తెర మీద బూడిదరంగు హాలు, దుమ్ము, వరసగా యంత్రాలు. ముందు ఆయన కళ్ళు చికిలించాడు. తర్వాత ముందుకి వంగాడు. ముప్ఫై ఏళ్ళు దాటిన తనని తాను చూసుకుని పకాలున నవ్వాడు. “మీసం చూడు వెధవది, గేటు తాళంలా ఎలా వేలాడుతోందో. అందుకేగా నా పేరు ఇది” అంటూ మూతి పైన వేలు మెలితిప్పాడు. చంటిది దానికి ఆరో నంబరు వేసింది.

కాసేపు ఇద్దరికీ వచ్చిన పని గుర్తులేదు. ఆమె నంబర్లు చెబుతుంటే ఆయన అర్థాలు చెప్పాడు. తొమ్మిది, అరచెయ్యి కిందికి నొక్కితే, ‘ఆగు, నేను చూసుకుంటాను’. అది ఆమెకి తెలిసిందే, ఇంట్లో గొడవ ముదిరేలా ఉంటే పెద్దమ్మ వైపు ఆయన ఇప్పటికీ చేసేది అదే. ఇరవై రెండు, గాల్లో గుండ్రంగా పొట్ట గీస్తే?

“మేమైతే అది పలకరింపనుకున్నాం. పొద్దున్నే ఎక్కువ వస్తుంది” అంది ఆమె.

“పలకరింపా నీ మొహం. సూపర్‌వైజరు వస్తున్నాడు, పని చేస్తున్నట్టు కనపడండి అని. ఆయనకి పొట్ట ముందొచ్చేది, మనిషి వెనకొచ్చేవాడు.”

ఆమె కూడా నవ్వింది. అలా నవ్వుతూనే ఆ మధ్యాహ్నం గడిచిపోతే ఎంత బాగుండును. కానీ సంచిలో ఉత్తరం ఉంది, అది ఆమె మోకాలికి ఆనుకుని ఉంది. ఆమె ఇంకో పేజీ తెరిచింది. దాంట్లో బొమ్మలు లేవు, గీతలే ఉన్నాయి.

“ఇవి పేర్లు. ఏ పేరు ఏ రోజు ఎన్నిసార్లు వచ్చిందో. ముప్ఫై ఎనిమిదో రోజు తర్వాత రెండు పేర్లు మళ్ళీ ఎవరి చేతి మీదా రాలేదు. ఒకటి జేబు మీద తట్టడం, నాన్నది. రెండోది మీది.”

పెదనాన్న గీతల్ని చూడలేదు. ఆమె పెదాలే చూస్తున్నాడు. “మీది అంటున్నావు” అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని ఆమె మీరు అనడం అదే మొదలు. అనుకుని అన్నది కాదు, నోట్లోంచి అలా వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోవాలనీ అనిపించలేదు.

“ఇరవై మూడు రోజులు. మీరు రోజూ పనికొచ్చారు, టేపుల్లో కనపడుతున్నారు. ఒక్కరంటే ఒక్కరు మిమ్మల్ని పిలవలేదు. అంతమందీ కలిసి ఒక మనిషిని ఊరికే వెలివేయరు. విచారణలో మీరు చెప్పింది నిజం కాదని వాళ్ళకి తెలుసు.”

లోపలి గదిలో మిషను టకటకమంటూనే ఉంది. పెదనాన్న పట్టకారు తీసి, దాని మొనకి అంటుకున్న దారప్పోగుని బల్ల అంచుకి రాశాడు. కోపం వస్తుందేమో, అరుస్తాడేమో, అరిస్తే తను కూడా అరవచ్చునని ఆమె ఎదురుచూసింది.

“నన్నెవరు వెలివేశారే పిచ్చిమొహమా” అన్నాడాయన నెమ్మదిగా. “నేనే తలెత్తలేదు. చేత్తో పిలవాలంటే అవతలివాడు చూడాలా వద్దా? తలొంచుకుని కూర్చున్నవాణ్ణి ఎలా పిలుస్తారు? దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేసేవారు. నీ చంటిది గాల్లో చేతులు లెక్కపెట్టింది సరే, భుజాలు లెక్కపెట్టిందా?”

లెక్కపెట్టలేదు. మనుషులు ఒకళ్ళకొకళ్ళు తగిలినప్పుడు చేతులు సరిగా కనపడవని, అలాంటి ముక్కలన్నిటినీ మొదట్లోనే తీసి పక్కన పెట్టింది తనే. ఆమె నలభయ్యో రోజు టేపు పెట్టింది. మీసాల మనిషి తలొంచుకుని యంత్రం ముందు ఉన్నాడు. ఒకతను హాలుకి అవతలి నుంచి నడిచి వచ్చి భుజం మీద చెయ్యేసి, ఏదో చూపించి వెళ్ళాడు. కాసేపటికి ఇంకొకతను. ఒకడు ఏ పనీ లేకుండానే వచ్చి, చెయ్యి వేసి, కాసేపు అలాగే నిలబడి వెళ్ళాడు. చివరికి ఆ పొట్ట సూపర్‌వైజరు కూడా వచ్చాడు. రెండు చేతులూ వేశాడు.

ఆమెకి సిగ్గేసింది. ఏడాదిన్నరగా ఆ టేపులతోనే కాపురం చేస్తూ, గీత ఆగిపోయిందని చూసింది గానీ దాని పక్కన ఏం మొదలైందో చూడలేదు.

సిగ్గేసినా వచ్చిన పని మిగిలే ఉంది. ఉత్తరం తీసి బల్ల మీద పెట్టింది. పక్కనే ముప్ఫై ఎనిమిదో రోజు టేపులో ఆ రెండు సెకన్లు పెట్టింది. యంత్రం తలుపు తెరిచి ఉంది, తండ్రి కుడిచెయ్యి మోచేతి దాకా లోపలుంది, ఎడమచెయ్యి పైకి లేచింది. కెమెరాకి ఆయన పక్కగా కనపడతాడు. చూపు స్విచ్చు వైపు కాకుండా కొంచెం పక్కకి, తెర అంచు దాటి, ఎటో ఉంది. ఆ చూపుని ఆమె నూరుసార్లు చూసి ఉంటుంది.

“ఇది పద్నాలుగు కాదు” అంది.

“కాదు” అన్నాడు పెదనాన్న.

అంత సులువుగా వస్తుందనుకోలేదు ఆ మాట.

ఆయన ఉత్తరం చదివాడు. కళ్ళజోడు కిందికి దించుకుని, తీరిగ్గా, రెండుసార్లు. చదివి, మడత పెట్టకుండా అక్కడే ఉంచి, దాని మీద నూనె మరక పడకుండా మిషన్ని ఇవతలికి జరిపాడు.

“నేను చూడలేదు అమ్మడూ. చూశాననే అనుకున్నాను. రోజుకి ముప్ఫై నలభై సార్లు వాడు లోపల శుభ్రం చేస్తాడు, చెయ్యి తీస్తాడు, రెండో చెయ్యెత్తుతాడు, నేను స్విచ్చు నొక్కుతాను. పదకొండేళ్ళు. కంటికొసకి చెయ్యి లేచినట్టు తోస్తే చాలు, వేలు దానంతటదే వెళ్ళిపోయేది. ఆ రోజూ చెయ్యి లేచింది. ఏ చెయ్యి, ఎంతెత్తు, ఎలా తెరిచాడు, ఇవన్నీ నొక్కాక కనపడ్డాయి.”

ఆమె తెర వైపు చూసింది. “ఇదీ అదే చేసింది పెదనాన్నా” అంది. “ముందూ వెనకా చూసి, చెయ్యి చూడకుండా పద్నాలుగని రాసేసింది. తొంభై ఏడు పాళ్ళు ఖాయమంది.”

“నేను నూటికి నూరన్నాను” అన్నాడాయన.

రోడ్డు మీద ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. ఆమెకి ఆయన మీద జాలి కలిగింది. ఆ జాలి మీదే కోపమొచ్చింది.

“పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. కానీ విచారణలో అది పొరపాటని చెప్పలేదు నువ్వు. నాన్నే నడపమన్నాడని చెప్పావు. చనిపోయినవాడు కాదనలేడని ఆయన మీదికి నెట్టేశావు. బళ్ళో నన్నేమనేవారో తెలుసుగా? అజాగ్రత్త మనిషి కూతురు, దీనికి కత్తెర ఇవ్వకండి అనేవారు. ఏడుస్తూ ఇంటికొస్తే నువ్వే కళ్ళు తుడిచావు. అప్పుడైనా చెప్పాలనిపించలేదా?”

“ప్రతిసారీ అనిపించింది.”

“మరి?”

పెదనాన్న ఉత్తరం మీద వేలు పెట్టాడు, సరిగ్గా ఆ వాక్యం మీద. “పోస్టు చెయ్యి. నేనూ సంతకం పెడతాను. ఈ వయసులో నన్నెవరు ఏం చేస్తారు? కానీ అమ్మడూ, నీకు చదువుంది, నువ్వే చెప్పు. ఈ వాక్యం కొట్టేస్తే వాళ్ళు ఊరుకుంటారా? ఆ చోట్లో ఇంకో వాక్యం రాయాలి. నడపమని కాకపోతే మరేమన్నాడని అడుగుతారు. అప్పుడేం చెబుదాం?”

“ఏమీ అనలేదని చెబుదాం. ల్యాబులో కూడా అదే అంటున్నారు. అది సైగే కాదట, బ్యాలెన్సు కోసం ఊరికే లేచిన చెయ్యట. అరవై ఒక్క రోజుల్లో ఒక్కసారే వచ్చింది. ఒక్కసారే వచ్చినదాన్ని చంటిది చెత్తబుట్టలో వేసేస్తుంది.”

“ఒక్కసారి వస్తే అర్థం ఉండదా?”

“ఉందో లేదో దానికి తెలిసే దారి లేదు. మళ్ళీ వస్తే, ఇంకో చోట వస్తే, పక్కన ఏమున్నాయో చూసి పట్టుకుంటుంది. రెండోసారి రాకపోతే అదేం చేస్తుంది?”

“రెండోసారి ఎలా వస్తుంది?” అన్నాడు పెదనాన్న. “ఆ హాల్లో వాడికి ఆ పేరు పిలవాల్సి వచ్చింది ఒక్కసారే.”

పేరు అన్న మాట ఆమెకి వెంటనే ఎక్కలేదు. ఎక్కాక, పేర్ల గుంపంతా మనసులోనే గబగబా తిరగేసింది. మీసం, జేబు, చెవిపోగు, కుంటికాలు. పందొమ్మిది పేర్లు. వాటిలో లేదు.

పెదనాన్న ఎడమచెయ్యి ఎత్తాడు. భుజం దగ్గర ఆగలేదు ఆ చెయ్యి. ఇంకా పైకి వెళ్ళి నడినెత్తి మీద పిడికిలిగా నిలిచింది. అక్కడ ఐదు వేళ్ళూ పైకి, మెల్లగా, ఒక్కసారి విచ్చుకున్నాయి. పసిపిల్లల నెత్తిన దారంతో బిగించి కట్టిన జుట్టు ఎలా విచ్చుకుంటుందో అలా.

“నీకు పిలక ఉండేది” అన్నాడు. “మీ అమ్మ పోయాక జుట్టు దువ్వడం చేతకాక మీ నాన్న అన్నీ కలిపి నడినెత్తిన కట్టేసేవాడు. నువ్వు పడుకున్నాక లేస్తావని మేమిద్దరం ఇంట్లో కూడా చేతుల్తోనే మాట్లాడుకునేవాళ్ళం. పిలక తిందా, పిలక పడుకుందా, పిలకకి జ్వరం తగ్గిందా. ఈ సైగ మిల్లుది కాదు. మన ఇంటిది. నీ చంటిదానికి ఎక్కడ దొరుకుతుంది?”

తెర మీద ఆ రెండు సెకన్లు మళ్ళీ మొదటి నుంచి నడుస్తున్నాయి. ఎడమచెయ్యి లేచింది, నెత్తి దాకా వెళ్ళింది, వేళ్ళు విచ్చుకున్నాయి. తండ్రి చూపు తెర అంచు దాటి పక్కకి ఉంది. స్విచ్చుబోర్డు వెనక ఉన్న గుమ్మం వైపు. కెమెరాకి అందని గుమ్మం.

“నేనక్కడున్నానా?” అంది ఆమె.

“నా వెనక. తిరిగే బెల్టుకి జానెడు దూరంలో. మీ నాన్న నిన్ను చూశాడు. నాకు చూపించాడు. పిలక, పిలక అని. నేను స్విచ్చు నొక్కాను.” ఆయన గొంతు మామూలుగానే ఉంది, ఎన్నో ఏళ్ళుగా లోలోపల చెప్పుకున్న మాటలు కాబట్టి. “వెనక్కి తిరిగేసరికి నువ్వు నిలబడి చూస్తున్నావు. ముందు నిన్నెత్తుకున్నాను అమ్మడూ. వాడి దగ్గరికి తర్వాత వెళ్ళాను. నా చేతికి నూనెంతా ఉంది, తుడుచుకునే టైమెక్కడ, ఆ చేత్తోనే నీ కళ్ళు మూశాను.”

ఆమె రెప్పలు వాలాయి. నూనె వాసన ఇంకా ముక్కుకి తగులుతూనే ఉంది.

“తర్వాత చాన్నాళ్ళు నీకు మాట రాలేదు. వచ్చాక ఆ రోజు సంగతి నువ్వు ఒక్కసారీ ఎత్తలేదు. నీకు గుర్తులేదని తెలిసి మేం దండాలు పెట్టుకున్నాం. విచారణవాళ్ళు ఆ చెయ్యి ఎందుకెత్తాడని అడిగారు. నిజం చెబితే నువ్వు ఆ కాగితంలోకి ఎక్కుతావు. చదువొచ్చాక ఏదో ఒక రోజు చదువుకుంటావు, మా నాన్న నావల్ల పోయాడని బతుకంతా మోస్తావు. అజాగ్రత్త మనిషి కూతురన్న మాట మోయడం దానికన్నా తేలికనిపించింది. తమ్ముడికి అన్యాయం చేశాను. తెలిసే చేశాను. వాడుంటే అదే చెయ్యమనేవాడని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.”

ఆమె కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. ఏడాదిన్నరగా ఒక మచ్చ తుడవాలని తిరుగుతోంది. ఆ మచ్చని ఒక మనిషి తన కోసం గొడుగులా పట్టుకుని నిలబడ్డాడని ఇప్పుడు తెలిసింది. దుఃఖం ఎవరి కోసమో తేల్చుకోవడం కూడా కష్టంగా ఉంది, చెయ్యెత్తినవాడి కోసమో, ఆ చేత్తో తన కళ్ళు మూసినవాడి కోసమో.

అయినా ఆమె చేసే ఉద్యోగం అలాంటిది. ఏదైనా కనపడితే దానికి ముందేముందని వెతకకుండా ఉండలేదు. ముక్కు ఎగబీల్చి, చున్నీతో మొహం తుడుచుకుని, నెమ్మదిగా అడిగింది.

“నాకు ఐదేళ్ళు. ఇంటి నుంచి మిల్లుకి మెయిన్ రోడ్డు దాటాలి. గేటు దగ్గర వాచ్‌మన్, హాలుకి ఇనుప తలుపు. నేను ఒక్కదాన్నే అక్కడిదాకా ఎలా వచ్చాను పెదనాన్నా?”

ఇంతసేపూ ఏది అడిగినా చెప్పిన పెదనాన్న, ఇప్పుడు బల్ల మీద అరచెయ్యి ఆనించి ఊరుకున్నాడు.

అప్పుడు తోచింది ఆమెకి, కొట్టు నిశ్శబ్దంగా ఉందని. లోపలి గదిలో మిషను ఆగిపోయింది. ఆ సంగతి ఆయన చెవులకి అందదు. బల్ల మీది అరచేతికి అందింది. ఆయన తలెత్తి, ఆమె భుజం మీదుగా వెనక ఉన్న గుమ్మం వైపు చూశాడు. చూసి, గాల్లో అరచెయ్యి కిందికి నొక్కాడు.

తొమ్మిదో నంబరు. ఆగు, నేను చూసుకుంటాను.

గుమ్మంలో పెద్దమ్మ నిలబడి ఉంది. చేతిలో సగం కుట్టిన గుడ్డ, సూదిలోంచి లాగిన దారం ఇంకా దానికి వేలాడుతోంది. ఆవిడ ఆయన చెయ్యి వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

“ఇరవై నాలుగేళ్ళు ఆగాను” అంది. “దాని ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది నేను. ఇక లేవండి. ఆ స్టూలు మీద నేను కూర్చోవాలి.”